ఇంగ్లండ్ పల్లెదారుల్లో సైకిల్: కార్లు పెద్దగా రాని రోడ్లు వెతుక్కునే పద్ధతి

ఇక్కడికొచ్చి సైకిల్ కొన్న మనవాళ్ళలో చాలామంది కథ ఒకటే. మొదటి నెల ఉత్సాహంగా ఊరు దాటి వెళ్తారు, ఫోన్ చూపించిన దారి పట్టుకుని పోతే అది ఎక్కడో ఒక ఏ-రోడ్డు (టౌన్‌లని కలిపే పెద్ద రోడ్డు) మీద తేలుస్తుంది, భుజం పక్కనుంచి లారీ ఒకటి దూసుకుపోతుంది, ఇక అంతే, ఆ తర్వాత సైకిల్ పార్కులో చక్కర్లకో, బాల్కనీలో బట్టలు ఆరేసుకోడానికో పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో సైకిల్ తొక్కడం అంటేనే ప్రాణాంతకం అని ఒక అభిప్రాయం స్థిరపడిపోతుంది. అదే ఊరి నుంచి రెండు మైళ్ళు అవతల, గంటసేపు తొక్కినా నాలుగైదు కార్లు కూడా ఎదురుపడని దారులు ఉంటాయి. వాటిని వెతకడం ఎలాగో చెప్తాను.

ముందు ఒక లెక్క. గ్రేట్ బ్రిటన్ మొత్తం రోడ్ల పొడవులో మోటర్‌వేలు, ఏ-రోడ్లు కలిపితే 13 శాతమే. కానీ వాహనాలు తిరిగే దూరంలో దాదాపు మూడింట రెండు వంతులు వాటి మీదే. మిగతా ట్రాఫిక్ అంతా 87 శాతం రోడ్ల మీద పలచగా పరుచుకుని ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం ఊళ్ళ వీధులు, ఏ-రోడ్ల తర్వాతి స్థాయివైన బీ-రోడ్లు లాగేసుకుంటాయి. అంటే ఖాళీ రోడ్లకి కరువేమీ లేదు, చాలా ఉన్నాయి. మనకి కావలసింది ఒక్క ప్రశ్న వేసుకునే అలవాటు: ఈ రోడ్డుతో కారువాడికి పనేమిటి?

రెండు టౌన్‌లని కలిపే రోడ్డు అయితే పని ఉంటుంది. రద్దీగా ఉండే ఏ-రోడ్డుకి సమాంతరంగా పోయే సందు అయితే ఇంకా పని ఉంటుంది, ఎందుకంటే మెయిన్ రోడ్డు జామ్ అయినప్పుడల్లా శాట్‌నావ్, అంటే కారులో దారి చూపే పరికరం, కారువాళ్ళని అటే తోలుతుంది. మ్యాప్‌లో సన్నగా కనిపించే ఈ అడ్డదారులని ఇక్కడివాళ్ళు ర్యాట్ రన్ అంటారు, పొద్దున ఎనిమిదింటికి వాటి మీద ఇరవై నిమిషాలు తొక్కి చూస్తే ఏ-రోడ్డే నయం అనిపిస్తుంది. దీనికి భిన్నంగా, రెండు చిన్న పల్లెలని కలుపుతూ, పొలం మూల దగ్గర ఎడమకి తిరిగి, చర్చి దగ్గర కుడికి తిరిగి, ఎక్కడికి పోతుందో దానికే తెలియనట్టు పోయే రోడ్డు ఉంటుంది చూశారా, అది మీది. ఆ పల్లెలో ఉండేవాళ్ళు, పోస్ట్ వ్యాన్, డెలివరీ వ్యాన్, ట్రాక్టర్, అంతకుమించి ఎవరికీ ఆ దారితో అవసరం ఉండదు.

అందుకే తిన్నగా పోయే రోడ్డుని నేను ముందు అనుమానిస్తాను. ఇంగ్లండ్‌లో బారుగా ఉండే పాత రోడ్లలో చాలావాటికి మూలం రోమన్లు. వార్విక్‌షైర్‌లో ఫాస్ వే అని ఒకటుంది, ఆ ముక్కకి ఇప్పుడు బీ4455 అని నంబర్, పేరుకి బీ-రోడ్డే గానీ రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు ఉంటుంది కాబట్టి కార్లు దానికి తగ్గ వేగంతోనే పోతాయి. నంబర్ చూసి మోసపోకూడదు.

మ్యాప్ చదవడం

ఫోన్ యాప్ కంటే ముందు ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే మ్యాప్ చదవడం నేర్చుకోండి. ఇక్కడ అందరూ ఓఎస్ మ్యాప్ అంటారు. గులాబీ అట్టవి ల్యాండ్‌రేంజర్, 1:50,000 స్కేలు. నారింజ అట్టవి ఎక్స్‌ప్లోరర్, 1:25,000. రోడ్డు సైకిల్‌కి ల్యాండ్‌రేంజర్ చాలు, ఒక్క షీట్‌లో రోజంతా తొక్కేంత మేర వస్తుంది. కొనాలని కూడా లేదు, మీ దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీలో అడిగితే స్థానిక షీట్లు దొరికే అవకాశం ఎక్కువ.

ల్యాండ్‌రేంజర్‌లో మోటర్‌వే నీలం, అటు సైకిల్‌కి ప్రవేశమే లేదు. ముఖ్యమైన ఏ-రోడ్లు ఆకుపచ్చ, మిగతా ఏ-రోడ్లు ఎరుపు చాయ, బీ-రోడ్లు నారింజ. మనకి కావలసింది పసుపు. ఆ పసుపులో కూడా రెండు రకాలున్నాయి: కాస్త లావు గీత అయితే నాలుగు మీటర్ల కంటే వెడల్పు రోడ్డు, సన్న గీత అయితే నాలుగు మీటర్ల లోపు. సన్న పసుపు గీతలో రెండు కార్లు ఎదురెదురు పడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే, ఆ ఒక్క కారణంతోనే చాలామంది డ్రైవర్లు అటు రారు. నంబర్ లేని ఆ సన్న గీతల్ని ఒకదాని వెనక ఒకటి గుచ్చుకుంటూ పోవడమే మొత్తం విద్య. తెల్లగా రంగు లేకుండా ఉన్న గీతలు మాత్రం జాగ్రత్త, చాలావరకు అవి ఎవరి ఫామ్‌కో పోయే ప్రైవేటు దారులు.

రోడ్డు మీద చిన్న బాణం గుర్తులు కూడా చూడండి. ఒక బాణం ఉంటే 14 నుంచి 20 శాతం వాలు, రెండు బాణాలుంటే 20 శాతానికి పైనే. బాణం మొన దిగుడు వైపు చూపిస్తుంది, అంటే బాణానికి ఎదురు వెళ్తున్నారంటే ఎక్కుతున్నారన్నమాట. కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి అర్థం చేసుకుని బోలెడు సంతోషంగా కొండ కిందకి చేరుకుంటారు.

ఆకుపచ్చ, గులాబీ చుక్కల గీతలు రోడ్లు కావు, హక్కు దారులు, అంటే జనానికి వెళ్ళే హక్కు ఉన్న బాటలు. ఫుట్‌పాత్ అని ఉన్నదాని మీద సైకిల్ తొక్కకూడదు. బ్రైడిల్‌వే, అంటే గుర్రాలకి కూడా హక్కున్న బాట, మీద తొక్కొచ్చు, 1968 నాటి కంట్రీసైడ్ చట్టం ఆ హక్కు ఇచ్చింది, కాకపోతే నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారి ఇవ్వాలి. హక్కు ఉంది కదా అని రోడ్డు సైకిల్‌తో నవంబర్‌లో బ్రైడిల్‌వేలోకి దిగితే చక్రం కూడా తిరగదు, బురద వరిమడిలా పట్టుకుంటుంది.

గూగుల్ మ్యాప్స్ సైకిల్ దారితో ఉన్న పెద్ద చిక్కు ఇదే. దూరం తగ్గితే చాలు, దానికి బ్రైడిల్‌వే అయినా ఒకటే ఏ-రోడ్డు అయినా ఒకటే. దాని బదులు సైకిల్ డాట్ ట్రావెల్ అనే ప్లానర్ వాడండి, అది రోడ్డు మీద ట్రాఫిక్ ఎంతో లెక్కలోకి తీసుకుని దారి గీస్తుంది, ఉచితం. సైకిల్‌స్ట్రీట్స్ అని ఇంకొకటి ఉంది, అందులో ఒకే ప్రయాణానికి వేగంగా పోయే దారి, ప్రశాంతమైన దారి వేరువేరుగా చూపిస్తుంది. స్ట్రావా అనే యాప్‌లో ఎక్కువమంది తొక్కిన రోడ్లని చూపించే హీట్‌మ్యాప్ చూసి ఎర్రగా మెరిసే రోడ్డే మంచిదనుకోవద్దు. అది క్లబ్ రైడర్లు ఎక్కువగా తొక్కే రోడ్డని మాత్రమే చెప్తుంది, గుంపుగా గంటకి ముప్ఫై కిలోమీటర్లు పోయేవాళ్ళకి బీ-రోడ్డు అంటే పెద్ద పట్టింపు ఉండదు.

ఏ ప్లానర్ ఇచ్చినా సరే, అనుమానం ఉన్న ముక్కని స్ట్రీట్ వ్యూలో దిగి చూడండి. నేను చూసేవి మూడే. రోడ్డు మధ్యలో తెల్ల గీత ఉందా? లేకపోతే మంచిది, సన్న రోడ్డు అన్నమాట. మధ్యలో గడ్డి మొలిచి ఉందా? ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. రోడ్డు అంచుల్లో గడ్డిగట్టు చక్రాల కింద నలిగి కోసుకుపోయి ఉందా? అలా ఉంటే రోడ్డు సన్నదే అయినా పెద్ద బండ్లు తప్పుకుంటూ పోతున్నాయని అర్థం, దగ్గర్లో క్వారీయో కోళ్ళ ఫారమో గోడౌనో ఉండి ఉంటుంది. ఊరు మొదట్లో 'భారీ వాహనాలకి పనికిరాదు' అనే బోర్డు కనిపిస్తే మనకి అది ఆహ్వాన పత్రిక. లెస్టర్‌షైర్, నార్తాంప్టన్‌షైర్, రట్లండ్‌ల వైపు గేటెడ్ రోడ్స్ అని ఉన్నాయి, పశువులు పోకుండా పబ్లిక్ రోడ్డుకే అడ్డంగా గేట్లు పెడతారు, కారువాడు ప్రతి గేటు దగ్గరా దిగి తీసి మళ్ళీ వేయాలి కాబట్టి ఆ దారే మానేస్తాడు. మనం దిగి తీసుకుని, వెనక తప్పకుండా మూసి వెళ్తాం. గొర్రెలు బయటికొస్తే ఊరంతా తిడుతుంది.

సఫోక్, నార్ఫోక్, కెంట్ వంటి కౌంటీల్లో క్వయట్ లేన్ అని ఆకుపచ్చ బోర్డు ఉన్న రోడ్లు తగులుతాయి. 2000 నాటి రవాణా చట్టం కింద కౌన్సిల్ ప్రకటించిన సందులు ఇవి. రోజుకి సుమారు వెయ్యి వాహనాల లోపు తిరిగే రోడ్లకే ఈ హోదా ఇవ్వాలన్నది పద్ధతి. కార్లని ఆపేది ఏమీ ఉండదు గానీ, ఆ బోర్డు ఉందంటే రోడ్డు ఎలాంటిదో తెలిసిపోతుంది.

దేశమంతా బోర్డులు పెట్టిన సైకిల్ దారులకి నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ నంబర్లు ఉన్నాయి కదా, వాటిని పట్టుకుని పోతే చాలదా అని అడుగుతారు. కొంతవరకు చాలు. ఆ నెట్‌వర్క్ నడిపే ఛారిటీ (అప్పటి పేరు సస్ట్రాన్స్, ఇప్పుడు వాక్ వీల్ సైకిల్ ట్రస్ట్) 2020లో తన దారులని తానే సమీక్షించుకుని, దాదాపు పావు వంతుని నెట్‌వర్క్ నుంచి తీసేయడమో హోదా మార్చడమో చేసింది, ఎక్కువగా రోడ్డు మీద సాగే ముక్కలే. కాబట్టి పాత బ్లూ బోర్డు స్తంభానికి ఇంకా వేలాడుతున్నంత మాత్రాన రోడ్డు బాగుందని కాదు. కాలవ గట్టు మీద, పాత రైలు కట్ట మీద వెళ్ళే ముక్కలు పిల్లలతో పోడానికి బాగుంటాయి, రోడ్డు సైకిల్‌తో వేగంగా పోవాలంటే మాత్రం గేట్లూ కుక్కలూ గుంతలూ.

దాటే చోట్లే అసలు ప్లానింగ్

సందులు వెతకడం తేలిక. ఆ సందులని విడగొట్టే ఏ-రోడ్లు, నదులు, రైలు పట్టాలు ఎక్కడ దాటుతారన్నదే దారి మంచీచెడ్డా తేలుస్తుంది. నదికి వంతెనలు తక్కువ కాబట్టి చుట్టుపక్కల కార్లన్నీ ఆ ఒక్క వంతెన దగ్గరికే వస్తాయి. రీడింగ్ వైపు థేమ్స్ దాటాలంటే పాంగ్‌బర్న్ దగ్గర విట్‌చర్చ్ టోల్ బ్రిడ్జి ఒకటి చూడండి: కార్లకి టోల్ ఉంది, సైకిళ్ళకి లేదు. దారి గీసేటప్పుడు ముందు ఇలాంటి దాటే చోట్లు గుర్తు పెట్టుకుని, ఆ తర్వాత వాటి మధ్య సందులని కలపాలి. తిరగేసి చేస్తే, చక్కగా పది మైళ్ళు తొక్కి వచ్చి చివర్లో రౌండ్అబౌట్ ముందు నిలబడి దిక్కులు చూడాల్సి వస్తుంది.

ఏ-రోడ్డుని మన సందు నేరుగా దాటి ఎదుటి సందులో కలిస్తే ఏ గొడవా లేదు, ఆగి రెండు వైపులా చూసి దాటేయడమే. చాలా చోట్ల ఎదుటి సందు కాస్త పక్కకి జరిగి ఉంటుంది. ఇక్కడ కుడి ఎడమల తేడా చాలా ఉంది. ఎదుటి సందు మనకి కుడివైపు ఉంటే: మన సందు మొనలోనే ఆగి, రెండు వైపులా ఖాళీ అయ్యాక కుడికి తిరిగి, కొద్ది దూరం పోయి ఎడమ సందులోకి దిగిపోతాం. ఎదురుచూసేదంతా సందులోనే, క్షేమంగా. ఎదుటి సందు ఎడమవైపు ఉంటే: ఏ-రోడ్డు మీదకి ఎడమకి తిరగడం సులువే, ఆ తర్వాత కుడికి తిరగడానికి రోడ్డు నడిమధ్య ఆగాలి, వెనక గంటకి అరవై మైళ్ళ వేగంతో బండ్లు వస్తుంటాయి. ఇలాంటి చోట నేను మొహమాటపడను, దిగిపోతాను, రోడ్డుని కాలినడకన దాటి, అవతలి గడ్డిగట్టు మీద సైకిల్ నడిపించుకుంటూ ఎదుటి సందు దాకా పోతాను. రెండు నిమిషాలు పడుతుంది.

మ్యాప్‌లో ఏ-రోడ్డు మీద మూడు నాలుగు వందల మీటర్లే కదా అని దారి గీసే ముందు ఆ ముక్క పైకి ఎక్కుతుందో కిందకి దిగుతుందో చూడండి. దిగుడులో అది అర నిమిషం పని. ఎక్కుడులో అదే ముక్క రెండు నిమిషాలు, మీ వెనక బారులు తీరిన కార్లు. ఒక్కోసారి మొత్తం లూప్‌ని వ్యతిరేక దిశలో తొక్కితే ఈ బాధ దానంతటదే పోతుంది.

ఏ వేళ, ఏ కాలం

ఆదివారం పొద్దున పది లోపు అన్నిటికంటే మంచి సమయం. మామూలు రోజుల్లో అయితే స్కూళ్ళకి పిల్లల్ని దింపే వేళ అయిపోయాక, పదింటి నుంచి రెండున్నర దాకా. మూడు దాటితే పల్లె స్కూలు ఉన్న ప్రతి సందులోనూ తల్లిదండ్రుల కార్లు. కాట్స్‌వోల్డ్స్‌లో బోర్టన్ ఆన్ ద వాటర్ లాంటి పేరున్న ఊళ్ళ చుట్టుపక్కలకి బ్యాంక్ హాలిడే నాడు వెళ్ళకండి, సందుల్లో కూడా పార్కింగ్ వెతుక్కునే కార్లే ఉంటాయి.

జులై, ఆగస్టుల్లో కోతలు. ట్రాక్టర్ వెనక ధాన్యం ట్రైలర్ కట్టుకుని సందు మొత్తం నిండిపోయేట్టు వస్తుంది, వాళ్ళకి వాన రాకముందు పని ముగించాలన్న తొందర. శరదృతువు నుంచి చలికాలం దాకా నార్ఫోక్, సఫోక్ వైపు షుగర్ బీట్ దుంపలు తవ్వుతారు, రోడ్డు మీద పడిన మట్టి తడిస్తే సబ్బు రాసినట్టు ఉంటుంది.

పంక్చర్ల కాలం మాత్రం సెప్టెంబర్ నుంచి. ఇక్కడ సందుల పక్కన పెంచే పొదల కంచెల్ని, అంటే హెడ్జ్‌లని, పక్షులు గూళ్ళు కట్టే కాలమని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కొట్టనివ్వరు. ఆ గడువు అయిపోగానే రైతులు ట్రాక్టర్‌కి కత్తుల యంత్రం తగిలించి కొట్టించడం మొదలుపెడతారు. హాథార్న్, బ్లాక్‌థార్న్ కొమ్మలు తునకలై రోడ్డంతా పడతాయి. ఆ ముల్లు మన తుమ్మముల్లుకి ఏమాత్రం తీసిపోదు, గట్టి టైరులోంచి కూడా నేరుగా దిగుతుంది. తాజాగా కొట్టిన కంచె కనిపిస్తే, తెల్లగా చీలిన కొమ్మ మొనలు చూస్తే తెలిసిపోతుంది, అంచులు వదిలేసి కార్ల చక్రాలు నడిచిన జాడలోనే తొక్కండి, చక్రాలు తునకల్ని పక్కకి ఊడ్చేసి ఉంటాయి. తీరా పంక్చర్ అయితే కొత్త ట్యూబ్ వేసే ముందు టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి ముల్లు తీసేయాలి. లోపల విరిగి ఉండిపోయిన మొన రెండో ట్యూబ్‌ని కూడా ఐదు నిమిషాల్లో తినేస్తుంది.

డిసెంబర్, జనవరిలో కౌన్సిల్ ఉప్పు చల్లేది ముఖ్యమైన రోడ్ల మీదే, సందుల మీద కాదు. చెట్ల నీడన ఉన్న మలుపులో మధ్యాహ్నం దాకా మంచు పేరుకునే ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా పోతే మర్నాడు పొద్దున సైకిల్ మానేసి పడుకోవడం ఉత్తమం. పైగా డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిది దాకా వెలుతురే, ఆఫీసు అయ్యాక కూడా రెండు గంటలు హాయిగా తొక్కొచ్చు, అది నాకు ఇక్కడ అన్నిటికంటే ఇష్టమైన వేళ.

గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. బయల్దేరేటప్పుడు ఎదురుగాలి, తిరిగొచ్చేటప్పుడు వెనకగాలి ఉండేట్టు లూప్ గీసుకోండి.

సందులో నడవడిక

సందు అనగానే భద్రం అనుకోవద్దు. ఇక్కడ సైకిలిస్టుల మరణాల్లో సగానికి పైగా గ్రామీణ రోడ్ల మీదే జరుగుతున్నాయి. తెల్ల గుండ్రంలో ఏటవాలుగా నల్ల గీత ఉన్న బోర్డు కనిపిస్తే అక్కడ చట్టప్రకారం కారు అరవై మైళ్ళ దాకా పోవచ్చు, రోడ్డు ఎంత సన్నగా ఉన్నా సరే. అందుకే మలుపుల్లో అంచుకి ఒదిగిపోకుండా లేన్ మధ్యలోకి రండి. భయంతో కంచెని రాసుకుంటూ పోతే ఎదురొచ్చేవాడికి మీరు చివరి క్షణం దాకా కనిపించరు, వెనకవాడికేమో పక్కనుంచి దూరిపోవచ్చన్న ఆశ పుడుతుంది. ప్రశాంతమైన రోడ్ల మీద లేన్ మధ్యలో తొక్కమని హైవే కోడే, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకమే, చెప్తోంది. 2022 జనవరిలో సవరించిన ఆ కోడ్ ప్రకారం ముప్ఫై మైళ్ళ లోపు వేగంలో ఓవర్‌టేక్ చేసే కారు కనీసం మీటరున్నర దూరం వదలాలి, ఇంకా వేగంగా పోతే ఇంకా ఎక్కువ. ఇద్దరు పక్కపక్కన తొక్కడానికి కూడా అనుమతి ఉంది.

అయితే మన హక్కు మనకి ఉన్నా, వెనక కారు చాలాసేపటి నుంచి ఓపిగ్గా వస్తుంటే పొలం గేటు దగ్గర పక్కకి ఆగి పంపించేయండి. చెయ్యి ఊపుతారు, మీరూ ఊపండి. హారన్ సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర హారన్ అంటే 'వస్తున్నా చూసుకో' అని, ఇక్కడ అది చాలాసార్లు తిట్టు. అందుకే సైకిల్ బెల్ కూడా నడిచేవాళ్ళ వెనక నుంచి టింగుటింగుమని వాయించకుండా ఒక్కసారి మెల్లగా మోగించి 'మార్నింగ్' అనాలి.

గుర్రాలు ఎదురైతే మాత్రం పద్ధతి వేరు. వెనక నుంచి నిశ్శబ్దంగా దగ్గరికి పోతే గుర్రం బెదురుతుంది. దూరం నుంచే మాట్లాడండి, 'హలో, సైకిల్ వస్తోంది' అని ఇంగ్లీషులో మామూలు గొంతుతో అంటే చాలు, మనిషి గొంతు విని గుర్రం కుదుటపడుతుంది. గుర్రం మీదున్నవాళ్ళు సరే అన్నాక, బాగా నెమ్మదిగా, కుడివైపు నుంచి వీలైనంత ఎడంగా దాటాలి.

చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు. ఎత్తు కంచెల మధ్య కారు కనిపించకముందే వినిపిస్తుంది, ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఆ వినికిడి కూడా తగ్గుతోంది, అందుకే ఉన్న కాస్తా పోగొట్టుకోవద్దు.

సామాను గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైర్లు, మడ్‌గార్డులు, ఎత్తులెక్కడానికి చిన్న గేర్లు, పగలు కూడా వెలిగే వెనక ఎర్ర లైటు, రెండు ట్యూబులు, పంపు. చీకటిపడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టప్రకారం ఉండి తీరాలి. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, నేను మాత్రం పెట్టుకుంటాను. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, లోయల్లో సిగ్నల్ పోతుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు కంపెనీలో సైకిల్ టు వర్క్ స్కీమ్ ఉందేమో అడగండి, పన్ను పడకముందు జీతంలోంచి కోత పెట్టి సైకిల్ ఇప్పిస్తారు. సైకిలింగ్ యూకే అనే సంఘం 1878 నుంచి ఉంది, దాని సభ్యత్వంతో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా వస్తుంది.

తిండి విషయంలో పల్లె పబ్బుని నమ్ముకోవద్దు. చాలాచోట్ల వంటగది మధ్యాహ్నం రెండు, రెండున్నరకే కట్టేస్తారు, శాకాహారులకి ఆ తర్వాత మిగిలేవి చిప్స్ ప్యాకెట్లే. డబ్బాలో పులిహోరో చపాతీ రోలో పెట్టుకుపోతే చర్చి ప్రాంగణంలో బెంచీ మీద కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

మొదటిసారికి ఒక దారి

ఇంత చెప్పాక ఒక నిజమైన దారి చూపించకపోతే ఎలా. సఫోక్, ఎసెక్స్ సరిహద్దులో సడ్‌బరీ నుంచి బ్యూర్స్ దాకా, సుమారు 45 కిలోమీటర్లు. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి రైలెక్కి మార్క్స్ టే దగ్గర దిగి, అక్కడ చిన్న బ్రాంచ్ లైన్ రైలు మారితే చివరి స్టేషన్ సడ్‌బరీ. దారిలో చాపెల్ దగ్గర 32 కమానుల ఇటుక వంతెన మీదుగా పోతుంది, అంతెత్తు నుంచి చూస్తారు కాబట్టి ఆ వంతెన మీకు కనిపించదు, కింద లోయ మాత్రం కనిపిస్తుంది. రద్దీ వేళల్లో లండన్ రైళ్ళలో మడతపెట్టని సైకిళ్ళు ఎక్కనివ్వరు, వీకెండ్ అయితే ఆ బెడద లేదు.

సడ్‌బరీ నుంచి లావెన్‌హమ్‌కి బీ1071 నేరుగా పోతుంది, అందరూ దాని మీదే పోతారు, అందుకే మనం పోం. ఆక్టన్ ఊరి మీదుగా సందులు పట్టుకుని లావెన్‌హమ్ చేరండి. ఒకప్పుడు ఉన్ని బట్టల వ్యాపారంతో బాగా డబ్బు చేసుకున్న ఊరు, ఆ వ్యాపారం పడిపోయాక కొత్త ఇళ్ళు కట్టే స్తోమత లేక పాత చెక్క ఇళ్ళే మిగిలిపోయాయి, ఒకదాని మీదికొకటి వాలిపోయి నిలబడి ఉంటాయి. కాఫీ ఇక్కడే తాగేయండి, ఆ తర్వాత చాలాసేపటి దాకా ఏమీ దొరకదు.

లావెన్‌హమ్ నుంచి ప్రెస్టన్ సెయింట్ మేరీ, కెటిల్‌బాస్టన్, చెల్స్‌వర్త్. నా మట్టుకు ఈ ముక్కే ఈ దారికి ప్రాణం. సన్న పసుపు గీతలు, పైకి కిందకి మెల్లగా ఊగే నేల, అన్నివైపులా గోధుమ పొలాలు. చెల్స్‌వర్త్ దాటాక ఏ1141 అడ్డం వస్తుంది, పైన చెప్పిన కుడి ఎడమల లెక్క ఇక్కడ పనికొస్తుంది. అవతల లిండ్సీ, ఆ తర్వాత కెర్సీ.

కెర్సీలో ఒకటే వీధి, రెండు కొండవాలుల మధ్య V ఆకారంలో దిగి ఎక్కుతుంది, అడుగున రోడ్డుకి అడ్డంగా వాగు పారుతుంది. వంతెన కట్టకుండా రోడ్డునే నీళ్ళలోంచి పోనిచ్చారు, ఇలాంటివాటిని ఫోర్డ్ అంటారు. వాలులో ఊపు మీద వచ్చి నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకుపోవాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. పుట్టినా ఆగండి. నీటి అడుగున పాచి ఉంటుంది, సన్న టైరు దాని మీద నిలవదు, బాతులూ వాటి వెనక సెల్ఫీ తీసుకునేవాళ్ళూ ఒడ్డునే ఉంటారు కాబట్టి పడితే ప్రేక్షకులకి కూడా లోటుండదు. పక్కనే చిన్న కాలిబాట వంతెన ఉంది, దిగి నడిపించుకుపోండి.

కెర్సీ నుంచి బాక్స్‌ఫర్డ్ వైపు పోతే ఏ1071, బాక్స్‌ఫర్డ్ దాటి అసింగ్టన్ వైపు పోతే ఏ134 దాటాలి. రెండోది పెద్ద రోడ్డు, తొందరపడకండి, ఖాళీ దొరికేదాకా నిలబడండి. అసింగ్టన్ నుంచి బ్యూర్స్‌కి దిగుడే ఎక్కువ, స్టవర్ నది ఒడ్డున ఊరు. సడ్‌బరీ రైలే ఇక్కడా ఆగుతుంది, గంటకొకటి. కాళ్ళలో సత్తువ ఉంటే నది వెంబడి సడ్‌బరీ దాకా తొక్కి లూప్ పూర్తి చేయొచ్చు గానీ, మొదటిసారికి రైలెక్కేయండి. ఈ ప్రాంతానికి ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ నంబర్ 196.

మిగతా ఊళ్ళవాళ్ళకి క్లుప్తంగా. లెస్టర్‌లో ఉంటే తూర్పు వైపు పోండి, టిల్టన్ ఆన్ ద హిల్, హాలటన్, అక్కడి నుంచి రట్లండ్‌లోకి, గేటెడ్ రోడ్లు కూడా అటే. రీడింగ్ వాళ్ళకి థేమ్స్ దాటితే చెక్కెండన్, స్టోక్ రో చుట్టూ చిల్టర్న్స్ బీచ్ అడవుల సందులు, ఎత్తులు మాత్రం ఉంటాయి. తూర్పు లండన్ వాళ్ళు లండన్‌ని చుట్టివచ్చే మోటర్‌వే ఎం25 దాకా తొక్కుకుంటూ పోయి ఓపిక పాడుచేసుకోకుండా రైల్లో దాన్ని దాటేసి, ఎసెక్స్‌లో రోడింగ్స్ అనే పల్లెల గుంపు చుట్టూ తిరగొచ్చు. సెలవు పెట్టి రెండు మూడు రోజులు పోయేట్టయితే హియర్‌ఫర్డ్‌షైర్, ష్రాప్‌షైర్ సరిహద్దు, క్లన్, బిషప్స్ కాజిల్ వైపు. ఇంగ్లండ్‌లో జనం అంత పలచగా ఉండే చోట్లు తక్కువ, కొండలు మాత్రం ఊరుకోవు. మీ ఊరు వీటిలో లేకపోతే రైల్వే మ్యాప్ తీసి, చివరి స్టేషన్ దాకా పోయి ఆగిపోయే బ్రాంచ్ లైన్ ఏదుందో చూడండి, సాధారణంగా అలాంటి లైను చివర్లోనే సన్న పసుపు గీతలు దట్టంగా ఉంటాయి.